వాన నీటికి మిగిలిన ఆ ఒక్క పల్లం: కర్నూలు నగర పాలక మండలి సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయ సభ్యులకు,

నమస్కారం. మేము హంద్రీ నది ఒడ్డుకు కూతవేటు దూరంలో ఒకే వీధిలో నివసించే 46 కుటుంబాల వాళ్లం. మా వీధి చివర 1 ఎకరం 20 సెంట్ల పల్లపు స్థలం ఉంది. దాన్ని 38 ఇళ్ల స్థలాలుగా విడగొట్టడానికి దరఖాస్తులు నడుస్తున్నాయి. వాటికి తోడుగా, ఆ స్థలంలోకి లారీలు వెళ్లేందుకు వీధి చివర వాన నీరు దాటిపోయే రాతి తూమును తొలగించి, దాని స్థానంలో పైపు వేసి పైన దారి పోసే ప్రతిపాదన మీ తదుపరి సమావేశానికి రానుంది. ప్లాను మంజూరు అధికారుల పని అని మాకు చెప్పారు. తూము విషయం మాత్రం మీ చేతిలో ఉంది. దాన్ని ఆమోదించవద్దని కోరడానికే ఈ లేఖ.

ఇది మా మొదటి విన్నపం కాదు. ఇంతకు ముందు మూడు అర్జీలు ఇచ్చాం, మూడింటి రసీదులూ మా దగ్గర ఉన్నాయి. మొదటిదానికి జవాబు లేదు. రెండోది పరిశీలనలో ఉందని ఫోనుకు సందేశం వచ్చింది. మూడోది పరిష్కారమైందని నమోదు చేసి మూసేశారు. ఎవరూ వచ్చి స్థలం చూడలేదు, మాలో ఎవరితోనూ మాట్లాడలేదు. అది మూసేసిన వారంలోనే టిప్పర్లు మొరం తెచ్చి పల్లంలో ఒక మూల పోశాయి. సున్నం పూసిన బేతంచెర్ల నాపరాళ్లు వరసగా పాతి, ఎర్ర రంగుతో నంబర్లు వేశారు. అనుమతి ఇంకా రాలేదు. నంబర్లు మాత్రం 38 దాకా వచ్చేశాయి.

రాస్తున్న నేను ఒక దస్తావేజు లేఖరి దగ్గర పదకొండేళ్లు పనిచేశాను. అందుకే మా వీధివాళ్లు ఈ పని నాకు అప్పగించారు. స్థలాలు అమ్మడం, పంచుకోవడం, భాగాలు చేసుకోవడం నాకు కొత్త విషయాలు కావు. తాత సంపాదించిన నేలను ఆరుగురు వారసులు పంచుకుంటున్నారంటే అది వారి హక్కు. వారిలో ఒక ఆడబిడ్డకు ఆ డబ్బు అత్యవసరమని మాకూ తెలుసు. ఆమెను చిన్నప్పటి నుంచి చూసినవాళ్లం. ఆ స్థలం ఎప్పటికీ ఖాళీగా పడి ఉండాలని మేము ఏ అర్జీలోనూ రాయలేదు. విడగొడుతున్న తీరు మీదా, దాని కోసం అక్కడి వంకను, అంటే వాన నీరు పారే చిన్న వాగును, పూడ్చడం మీదా మాత్రమే మా అభ్యంతరం.

ముందు ఆ నేల సంగతి చెప్పాలి.

మా వీధి నుంచి చూస్తే ఆ స్థలం నడుము లోతున కిందికి ఉంటుంది. మధ్యలో రాతికట్టు ఉన్న పాత బావి, చుట్టూ వేపచెట్లు, ఒక చింత. ఎగువనున్న రెండు వీధుల వాన నీరు చిన్న వంకగా వచ్చి మా వీధి చివరి తూము కిందుగా దాటి ఆ పల్లంలోకి దిగుతుంది. అక్కడ ఒకటి రెండు రోజులు నిలిచి, కొంత ఇంకి, మిగిలింది నెమ్మదిగా హంద్రీ వైపు జారుతుంది. వాన పడిన మర్నాడు పిల్లలు గట్టు మీద కూర్చుని కప్పల బెకబెకలు వింటారు. ఎండాకాలంలో వీధి బోర్లలో ఎన్నింటికి నీరు అందుతుందన్నది ఆ బావిలో నీటి మట్టం చూసి మా పెద్దవాళ్లు చెప్పేవారు. ఇప్పటికీ ఆ అంచనా పెద్దగా తప్పదు.

ఇక 2009 అక్టోబరు 2. ఆ రోజును ఈ ఊళ్లో ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. మీలో చాలామంది ఇళ్లు కూడా మునిగే ఉంటాయి. ఎగువన కర్ణాటకలోనూ మన దగ్గరా కురిసిన వానలకు తుంగభద్ర, హంద్రీ ఒకేసారి పొంగాయి. సుంకేశుల బ్యారేజీ మీదుగా నీరు పొర్లింది. దిగువన శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తి మట్టాన్ని దాటి 896 అడుగులకు చేరింది. వచ్చిన నీరు కిందికి త్వరగా జారే వీలు లేక రెండు నదుల నడుమ ఊరు మునిగింది. మా ఇంటి నడవలో మా మామగారు ఆనాటి నీటి మట్టం దగ్గర మేకుతో గీత గీసి పక్కనే తేదీ చెక్కారు. నేల నుంచి ఆరడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తున ఉంది ఆ గీత. ఆ తర్వాత ఇంటికి నాలుగుసార్లు సున్నం వేయించాం. ఆ జానెడు చోటు మాత్రం ప్రతిసారీ వదిలేస్తాం. ఆయన పోయారు, గీత ఉంది.

నీరు తీసిన తర్వాత మోకాలి లోతు బురద మిగిలింది. ఇంటి దస్తావేజులు, రేషను కార్డులు, పిల్లల పదో తరగతి సర్టిఫికెట్లు మిద్దె మీద తాడు కట్టి బట్టల క్లిప్పులతో ఆరేసుకున్నాం. గాలికి ఒక కాగితం ఎగిరితే వీధంతా దాని వెనక పరుగెత్తేది. ఇళ్లలోంచి చీపుళ్లతో, తట్టలతో గెంటిన బురద నీరంతా ఆ పల్లంలోకే పోయింది. ఆ చోటే లేకపోతే అది ఎక్కడికి పోయేదో మాకు ఇప్పటికీ తెలియదు. అంత వరద మళ్లీ వస్తే ఎకరం పల్లం ఊరిని కాపాడదు. ఆ సంగతి మాకూ తెలుసు. మేము అడుగుతున్నది ఏటా కురిసే మామూలు వాన గురించి.

కరువు సీమలో వాన నీటి గొడవ ఏమిటని ఒక అధికారి మాతోనే అన్నారు. ఆయన మాటలో తప్పు పట్టను, చాలామంది అలాగే అనుకుంటారు. కానీ సీమలో వాన ఏడాదంతా పడదు. పడిన నాలుగు రోజుల్లో కుండపోతగా పడుతుంది. వంకలు పది నెలలు ఎండి ఉంటాయి కాబట్టి అవి వంకలని మరిచిపోతాం, వాటి మీద ఇళ్లు కట్టుకుంటాం. కడపలో 2001లో బుగ్గవంక పొంగి ఊరిని ముంచింది. అనంతపురంలో 2022 అక్టోబరులో నడిమివంక కాలనీల మీదికి వచ్చింది. పేర్లలోనే వంక ఉంది. పెద్దవాళ్లు అవి ఏమిటో పేరులోనే చెప్పి పోయారు.

ఇప్పుడు మా అభ్యంతరాలు వరసగా చెబుతాము.

1. నీరు ఎక్కడికి పోవాలి?

దీనికి ఒక్క దరఖాస్తులోనూ జవాబు లేదు. మేమే ఒక చిన్న లెక్క వేసుకున్నాం, ఎవరైనా సరిచూడవచ్చు. 1 ఎకరం 20 సెంట్లంటే దాదాపు 4,856 చదరపు మీటర్లు. ఆ నేల మీద 5 సెంటీమీటర్ల వాన పడితే 2 లక్షల 42 వేల లీటర్ల నీరవుతుంది. వేసవిలో మన వీధులకు వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లలో చెప్పాలంటే 48 ట్యాంకర్లు. ఇది ఆ స్థలం మీద నేరుగా పడేది మాత్రమే. ఎగువ రెండు వీధుల నుంచి వంకలో వచ్చేది దీనికి అదనం.

ఇప్పుడు ఒక మూల పోసిన మొరం నాలుగడుగుల ఎత్తుంది. స్థలమంతా అదే ఎత్తుకు లేపితే 2 లక్షల 9 వేల ఘనపుటడుగుల మట్టి పడుతుంది. అంటే అంచుల దాకా నిండితే 59 లక్షల లీటర్ల నీరు నిలిచే చోటు పోతుంది. మెరక చేసిన ప్లాట్ల మీద ఇళ్లు లేస్తాయి, సిమెంటు పరుస్తారు. అక్కడి వాన ఇంకదు. ఎగువ నుంచి వచ్చిన నీరు లోపలికి పోయే వీలుండదు. రెండూ కలిసి మా గుమ్మాల మీదికి వస్తాయి. మా వీధిలో పల్లపు వైపున ఉన్న పదకొండు ఇళ్లలో ఎనిమిది రేకుల ఇళ్లే. వాటికి మెట్లు లేవు, గడప దాటితే నేలే. ముందు మునిగేవి అవి. అక్కడ ఉండేవాళ్లు తోపుడు బండ్ల వాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, గుజిరీ సామాను ఏరుకునే ఒక ముసలి జంట.

తూము స్థానంలో వేస్తామంటున్న పైపు రెండడుగుల వ్యాసం ఉన్నది. ఇప్పుడున్న రాతి తూము వెడల్పు ఐదడుగులు, ఎత్తు మూడడుగులు. ఇందులో ఇంజనీర్లకు మేము చెప్పేదేమీ లేదు. పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. దానికి తోడు, మా తూముకు ప్రతి శ్రావణంలో ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి మట్టలు అడ్డం పడతాయి. మా కుర్రాళ్లు గొడ్డలి, గడ్డపార పట్టుకుని లోపలికి వంగి తీస్తారు. రెండడుగుల పైపులో మనిషి దూరి తీయగలడా?

ఈ ఊరికే ఒక గుర్తు ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో కె.సి. (కర్నూలు-కడప) కాలువ తవ్వినవాళ్లకు హంద్రీ అడ్డం వచ్చింది. వాళ్లు నదిని మూయలేదు. నది మీదుగా వంతెనలాంటి కట్టడం కట్టి కాలువనే పైనుంచి దాటించారు. నది కింద తన దారిన తాను పోతోంది. ఇళ్లకు దారి కావాలంటే తూము మీదుగా దారి వేసుకోవచ్చు. తూమునే తీసేయాల్సిన అవసరం ఏముందో మాకు అర్థం కాలేదు.

2. చెక్కుబందిలో (దస్తావేజులో హద్దులు రాసే చోట) ఉన్న వంక కొత్త ప్లానులో లేదు.

ఇది నా పనికి సంబంధించిన విషయం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. స్థలం హద్దుల మీద కట్టిన మా వీధి ఆఖరి ఐదు ఇళ్ల పాత దస్తావేజులు తీసి చదివాను. ఐదింటిలోనూ చెక్కుబందిలో తూర్పు హద్దు దగ్గర ఒకే మాట ఉంది: వంక పోరంబోకు. రెండింటిలో వెడల్పు కూడా రాశారు, పన్నెండు అడుగులని. ఆ ఐదింటినీ రాసిన చేతులు వేరు, సంవత్సరాలు వేరు, కొన్నవాళ్లు వేరు. ఆ మాట మాత్రం ఒకటే.

సమాచార హక్కు చట్టం కింద తీసుకున్న కొత్త ప్లాను నకలులో అదే చోట ప్రతిపాదిత రోడ్డు అని ఉంది. అంటే ప్రభుత్వానికి చెందిన వంక భూమి, ఒక ప్రైవేటు విభజనకు దారిగా మారిపోయింది. ఎవరో కావాలని చేశారని నేను అనడం లేదు. వంక ఇప్పుడు నేల మీద మూడడుగుల మురుగు కాలువలా కనిపిస్తుంది కాబట్టి కొలిచినవాళ్లు దాన్నే నమ్మి ఉండవచ్చు. కానీ ప్రభుత్వ భూమిని దారిగా చూపే ముందు పాత సర్వే పటం తీసి చూడడం కనీస ధర్మం. వాగుల గర్భంలో నిర్మాణాలు కూడదనీ, ఒడ్డు నుంచి దూరం వదలాలనీ రాష్ట్ర భవన నియమాలు చెబుతున్నాయి. ఆ నియమం అమలు కావాలంటే ముందు వాగు ఎక్కడుందో కాగితం మీద ఉండాలి.

3. ఒక నేల, మూడు దరఖాస్తులు.

స్థలం ఒక్కటే. మొత్తానికి ఒకే గట్టు, ఒకే బావి. కానీ దరఖాస్తులు మూడు పేర్ల మీద, ఒక్కొక్కటి 40 సెంట్ల చొప్పున, మూడు వేర్వేరు తేదీల్లో వచ్చాయి. ఒక్కొక్కటి విడిగా చూస్తే పన్నెండు పదమూడు ప్లాట్ల చిన్న సబ్‌డివిజన్. మూడూ కలిపి చూస్తే 38 ప్లాట్ల లేఔట్. మూడు ప్లానుల్లోనూ దారి ఒకటే, అది ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి సాగుతుంది. మూడూ ఒకే చేతిమీదుగా గీసినవని చూడగానే తెలుస్తుంది.

2017లో వచ్చిన లేఔట్, సబ్‌డివిజన్ నియమాల ప్రకారం లేఔట్ వేసేవారు కనీసం పది శాతం నేలను పార్కుకో ఆట స్థలానికో వదలాలి. ఇక్కడ అది 12 సెంట్లవుతుంది. మూడు ప్లానుల్లో కలిపి వెతికినా ఒక్క సెంటు లేదు. ముక్కలుగా అడిగితే పెద్ద నియమం నుంచి తప్పించుకోవచ్చన్న దారి ఒకసారి తెరిస్తే, ఈ ఊళ్లో ఇక ఎవరూ పూర్తి లేఔట్ అడగరు. 2020లో అనధికార లేఔట్ల క్రమబద్ధీకరణకు ప్రభుత్వం నియమాలు తేవాల్సి వచ్చింది. దాని వెనక ఎన్ని వేల కుటుంబాల అగచాట్లు ఉన్నాయో మీ వార్డుల్లో మీరే చూశారు. అప్పుడు కట్టిన అపరాధ రుసుము కొన్నవాళ్లు కట్టారు. అమ్మినవాళ్లు అప్పటికే ఊళ్లో లేరు.

4. దారి.

మా వీధి మొదట ఇరవై అడుగులు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పదహారు. కొత్త ప్లాట్లకు ఇదొక్కటే దారి. ఒక్కో ప్లాటు రెండుంపావు సెంట్లు. అంత చోటులో కట్టేది కింద ఒక ఇల్లు, పైన రెండు అంతస్తులు. మన ఊళ్లో ఎక్కడ చూసినా అంతే. 38 ప్లాట్లకు 114 కుటుంబాలు. ఇప్పుడున్న 46కు అవి కలిస్తే 160.

పోయిన వేసవిలో ఒక రాత్రి మా వీధి మధ్యలో ఒకాయనకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగిపోయింది. ఒక పక్క ఆటో, మరో పక్క ఇసుక కుప్ప. ఆయనను నవారు మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. ఒకరు చేతిలో ఫోను లైటు వేసి ముందు నడిచారు, ఆయన భార్య మంచం కోడు పట్టుకుని చెప్పుల్లేకుండా పక్కనే పరుగెత్తింది. ఆయన బతికారు. ఇప్పుడు ఈ లేఖ కింద ఆయన సంతకం కూడా ఉంది. 160 కుటుంబాల బండ్లు అదే దారిలో ఆగితే మంచం మోసుకొచ్చే సందు కూడా ఉండదు. అగ్నిమాపక బండి గురించి చెప్పనవసరం లేదు.

5. నీళ్లు, మురుగు.

మా వీధికి కుళాయి నీరు రోజు విడిచి రోజు, గంట సేపు. చివరి ఇళ్లకు ఆ గంటలో ఆఖరి పావుగంట సన్నని ధార. పైపు అదే, మురుగు కాలువ అదే. మూడున్నర రెట్ల జనానికి అవి ఎలా సరిపోతాయో ఎవరూ లెక్క చెప్పలేదు.

6. ఆ ప్లాట్లు కొనబోయేవాళ్లు.

ఇది మా అభ్యంతరాల్లో చివరిది, నాకు మాత్రం అన్నింటికన్నా ముఖ్యమైనది. రెండుంపావు సెంట్ల ప్లాటు కొనేది డబ్బున్నవాళ్లు కారు. కండక్టరు, అంగన్‌వాడీ టీచరు, చీటీ పాడి నగలు కుదువ పెట్టి వచ్చే దంపతులు. నేను దస్తావేజులు రాసినప్పుడు అలాంటివాళ్లే ఎదురుగా కూర్చునేవారు. అమ్మగారు ఒడిలో సంచి పెట్టుకుని, అందులో నోట్లు ఉన్నాయని ఎవరికీ తెలియకూడదన్నట్టు దాని మీద చెంగు కప్పుకుని కూర్చునేది. సంతకం పెట్టాక ఆమె అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: ఇక ఏ ఇబ్బందీ లేదు కదమ్మా? లేదమ్మా అని నేను చాలాసార్లు చెప్పాను.

ఈ స్థలం విషయంలో ఆ మాట నేను చెప్పలేను. వాళ్లు కొనేది వాన నీరు నిలిచే పల్లం, పూడ్చిన వంక. మెరక కుంగుతుంది, పునాది పగులుతుంది, మొదటి పెద్ద వానకు నీరు తన పాత చోటు వెతుక్కుంటూ వాళ్ల ఇళ్లలోకే వస్తుంది. అప్పుడు వాళ్లూ మాలాగే అర్జీలు పట్టుకుని తిరుగుతారు. వాళ్లు మాకు పరాయివాళ్లు కారు. ఇంకా ముఖం చూడని ఇరుగుపొరుగు వాళ్లు.

చట్టం తీరు గురించి రెండు ముక్కలు చెబుతాము. పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆస్పత్రికి ఇచ్చిన కేసులో, బెంగళూరు మెడికల్ ట్రస్టు తీర్పులో, 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపును నిలబెట్టలేదు. అక్కడ నివసించేవాళ్లకు దాన్ని ప్రశ్నించే హక్కు ఉందని అంగీకరించింది. 2023 జనవరి 10న చండీగఢ్ కేసులో, అక్కడి తొలి దశ సెక్టార్లలో ఒక ఇంటిని అపార్టుమెంట్లుగా ముక్కలు చేయడాన్ని అడ్డుకుంటూ, పట్టణాభివృద్ధికి అనుమతులిచ్చే ముందు పర్యావరణ ప్రభావాన్ని అంచనా వేసే ఏర్పాట్ల గురించి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఆలోచించాలని చెప్పింది. చండీగఢ్‌కు వారసత్వ నగరంగా ప్రత్యేకత ఉంది, మాకు లేదు, నిజమే. కానీ ముక్కలు చేసే ముందు నేల ఎంత భారం మోయగలదో చూడమన్న మాట ఏ ఊరికైనా ఒకటే. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన పనుల్లో మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగ నియంత్రణ. అందుకే మీ దగ్గరికి వచ్చాం.

మేము అభివృద్ధికి అడ్డమని కొందరు అంటున్నారు. ఈ ఊరు పెరగడం మాకు కొత్త కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఉద్యోగులు వచ్చి దిగిన చోట్లు నేటికీ బి క్యాంపు, సి క్యాంపు అనే పేర్లతోనే ఉన్నాయి. మూడేళ్లకే రాజధాని పోయింది, క్యాంపులు ఊరిలో కలిసిపోయాయి. మా వీధిలో సగం ఇళ్లు కూడా ఒకనాటి పొలంలో వెలసినవే. కట్టుకునే వాళ్లను కట్టుకోవద్దనే అర్హత మాకు లేదు.

మా విన్నపాలు ఇవి.

1. తూము తొలగింపు అంశాన్ని ఈ సమావేశంలో ఆమోదించకుండా వాయిదా వేయండి. ఓటుకు ముందు కనీసం ఐదుగురు సభ్యులు స్థలానికి రండి. వాన పడిన మర్నాడు వస్తే మేము మాట్లాడాల్సిన పని కూడా ఉండదు.

2. రెవెన్యూ సర్వేయర్లతో పాత పటాల ప్రకారం వంకను కొలిపించి, ఇరువైపులా మా సమక్షంలో హద్దురాళ్లు పాతించండి. ఐదు దస్తావేజుల నకళ్లు ఇస్తాం.

3. వంకలోకి పడిన మొరాన్ని వర్షాకాలం మొదలయ్యేలోగా తీయించండి. ఇందులో ఆలస్యం జరిగితే మిగతావన్నీ గెలిచినా ఈ ఏడు మేము మునుగుతాం.

4. మూడు దరఖాస్తులను ఒకే లేఔట్‌గా పరిగణించాలని తీర్మానించి అధికారులకు పంపండి. వదలాల్సిన పది శాతం నేల బావి ఉన్న పల్లపు భాగంలోనే ఉండాలని, బావిని పూడ్చకూడదని అందులో రాయండి. ప్లాట్ల సంఖ్య తగ్గితే తగ్గుతుంది. ఇరవై ప్లాట్లు బాగా వేస్తే వారసులకూ నష్టం లేదని, ధర ఎక్కువే వస్తుందని నా అనుభవంతో చెబుతున్నాను. కావాలంటే వారితో కూర్చుని మాట్లాడడానికి మేము సిద్ధం.

5. వాన నీరు, మురుగు, తాగునీరు, దారి, ఈ నాలుగింటి మీద ఇంజనీర్ల లెక్కలు తెలుగులో రాయించి వీధిలో అంటించండి.

6. నిర్ణయం తేలేదాకా అనుమతి రాలేదని స్థలం దగ్గర పెద్ద బోర్డు పెట్టించండి. పోయిన ఆదివారం కూడా ఇద్దరు దంపతులు వచ్చి 17వ నంబరు రాయి దగ్గర నిలబడి అడుగులతో కొలుచుకున్నారు. బయానా ఇచ్చేశారేమో అడగడానికి నాకు నోరు రాలేదు.

7. మా మూడు అర్జీలకు రాతపూర్వకంగా జవాబు ఇప్పించండి. కాదు అన్నా సరే, ఎందుకు కాదో రాయించండి.

సమావేశం రోజు ఉదయం పది గంటలకే మేము బయట ఉంటాం. ఐదు దస్తావేజులు, మూడు రసీదులు, ప్లాను నకలు, మా లెక్క కాగితం నా సంచిలో ఉంటాయి. ఏ సభ్యుడు పిలిచినా లోపలికి వచ్చి చూపిస్తాను.

ఇట్లు,
మా వీధి 46 కుటుంబాల తరఫున,
సంతకాలు జతచేశాం.
కర్నూలు.